ఒకే ఫిర్యాదు, మూడు లోపాలు: డిమ్మర్ మీద కొట్టుకున్న ఎల్ఈడీ లైట్ల కేస్ స్టడీ

నేపథ్యం

రెండంతస్తుల ఇల్లు. కింది హాల్లో ఫాల్స్ సీలింగ్‌కి ఎనిమిది స్పాట్ లైట్లు. అన్నీ నేరుగా 230 వోల్టుల మీద నడిచే జీయూ10 హోల్డర్లే, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ లేదు. మొదట ఒక్కోదానిలో 50 వాట్ల హాలోజెన్ బల్బు ఉండేది, మొత్తం 400 వాట్లు. తలుపు పక్కన నాబ్ తిప్పి వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్. దాని వెనక రెండే వైర్లు: ఒకటి ఫేజ్ తెచ్చేది, ఇంకొకటి లైట్లకు తీసుకెళ్లేది. స్విచ్ బాక్స్‌లోకి న్యూట్రల్ రాలేదు. డిమ్మర్ వెనక ‘60–400 వాట్లు’ అని ముద్రించి ఉంది. చాలా ఏళ్లు ఏ గొడవా లేకుండా నడిచింది.

తర్వాత హాలోజెన్లు తీసి 6 వాట్ల ఎల్ఈడీలు పెట్టారు. డబ్బా మీద డిమ్మబుల్ అని రాసి ఉన్నవే కొన్నారు. లోడు 400 నుంచి 48 వాట్లకు దిగిపోయింది. ఆ వారమే ఇబ్బంది మొదలైంది.

ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఒకటే. ఇంటివాళ్లు పెట్టిన ఫిర్యాదు ఒక్కటి, కానీ దాని కింద మూడు వేర్వేరు లోపాలున్నాయి. వాటిలో ఒకటి మంటలకు దారితీయగలది. లైట్లు నిలకడగా వెలగగానే పని అయిపోయిందనుకుని ఉంటే, అది సీలింగ్ లోపలే ఉండిపోయేది.

వచ్చిన సమస్య

‘లైట్లు కొట్టుకుంటున్నాయి.’ ఇంటివాళ్లు చెప్పింది ఇంతే. ఈ మాటతో ఏ పార్టూ మార్చలేం. అందుకే స్క్రూ డ్రైవర్ ముట్టుకోకముందే మూడు రోజులు ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాయించాం. అప్పుడు నాబ్ ఎక్కడుంది, అన్ని లైట్లూ కొట్టుకున్నాయా ఒకటి రెండేనా, ఎంతసేపు, ఆ సమయంలో ఇంట్లో ఏం జరుగుతోంది.

కాగితం తిరిగి వచ్చేసరికి మూడు తీరులు విడిగా కనిపించాయి.

ఒకటి: నాబ్ సగం కన్నా కిందికి వస్తే ఎనిమిదీ ఆగకుండా సన్నగా వణుకుతున్నాయి. పైకి తిప్పితే ఆగిపోతుంది.

రెండు: అప్పుడప్పుడు ఎనిమిదీ ఒక్కసారిగా చటుక్కున ఆరి వెలుగుతున్నాయి. నాబ్ పూర్తిగా పైనున్నా ఇదే. రాసుకున్న ఐదు సందర్భాల్లో నాలుగింటి పక్కన ‘పైన ఎవరో నడుస్తున్నారు’ అనో, ‘పై గది తలుపు గట్టిగా పడింది’ అనో ఉంది.

మూడు: ఆపేసిన తర్వాత చీకట్లో రెండు లైట్లు మసకగా వెలుగుతూ, కొన్ని సెకన్లకోసారి చిన్నగా మెరుస్తున్నాయి.

మూడోది ఎప్పటినుంచి అని అడిగితే, డిమ్మర్ మార్చిన తర్వాతే అన్నారు. ఆ జవాబు తర్వాత చాలా పనికొచ్చింది.

అంతకుముందు చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదు

మొదట డిమ్మర్ మార్చారు. కొత్తదీ పాతదాని రకమే, ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌తో నడిచేదే, కానీ దీని మీద ‘40–400 వాట్లు’ అని ఉంది. లోడు 48 కాబట్టి సరిపోతుందని లెక్క. దాని ముఖం మీద చీకట్లో చోటు తెలిసేలా ఒక చిన్న సూచిక దీపం కూడా ఉంది. వణుకు తగ్గలేదు.

తర్వాత బల్బులు మార్చారు. ఎనిమిదీ 9 వాట్లవి, మొత్తం 72 వాట్లు. డిమ్మర్ అడిగే కనీస లోడుకు దాదాపు రెట్టింపు. అయినా వణుకు అలాగే ఉంది, హాల్లో వెలుగు మాత్రం అవసరానికి మించి పెరిగింది.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే ఎక్కువమంది పొరబడేది ఈ వాట్ల లెక్కలోనే. డిమ్మర్ మీద రాసిన కనీస లోడు ఫిలమెంట్ బల్బును దృష్టిలో పెట్టుకుని రాసింది. ఫిలమెంట్ ఒక రెసిస్టెన్స్. వోల్టేజీ ఉన్నంతసేపూ దానికి తగ్గట్టు కరెంటు లాగుతూనే ఉంటుంది. ఎల్ఈడీ బల్బు లోపలి డ్రైవర్, అంటే ఎల్ఈడీకి తగిన కరెంటు ఇచ్చే సర్క్యూట్, అలా లాగదు. దానిలో ముందు ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్, తర్వాత ఛార్జిని నిల్వ ఉంచే కెపాసిటర్. కెపాసిటర్‌లో ఉన్న వోల్టేజీ కన్నా లైన్ వోల్టేజీ ఎక్కువైనప్పుడు మాత్రమే ఒక్క గుక్కలో కరెంటు తీసుకుని, నిండగానే ఆగిపోతుంది.

50 హెర్ట్జ్ సరఫరాలో ఒక అర సైకిల్ 10 మిల్లీ సెకన్లు. ఈ రకం డిమ్మర్ వెలుగు తగ్గించేది ప్రతి అర సైకిల్లోనూ ఆలస్యంగా ఆన్ అవడం ద్వారానే; నాబ్ బాగా కిందికి ఉన్నప్పుడు ట్రయాక్ ఆ అర సైకిల్లో, ఉదాహరణకు, 7వ మిల్లీ సెకను దగ్గర ఆన్ అవుతుందనుకుందాం. ఆ క్షణాన లైన్ మీద వోల్టేజీ దాదాపు 263. ఖాళీగా ఉన్న కెపాసిటర్ మీద ఆ 263 వోల్టులు ఒక్కసారిగా పడతాయి, కరెంటు సూదిలా లేచి వెంటనే పడిపోతుంది. ట్రయాక్ స్వభావం ఏమిటంటే, ఒకసారి ఆన్ అయ్యాక దానిలోంచి ఒక కనీస కరెంటు పారుతున్నంతసేపే నిలబడుతుంది. దాన్నే హోల్డింగ్ కరెంట్ అంటారు. కెపాసిటర్ నిండి కరెంటు పడిపోగానే ట్రయాక్ ఆరిపోతుంది. కొన్ని అర సైకిళ్లలో మళ్లీ వెలుగుతుంది, కొన్నిట్లో వెలగదు. సెకనుకు వంద అర సైకిళ్లు క్రమంగా వస్తే కంటికి తెలియదు; మధ్యమధ్యలో కొన్ని తప్పిపోతే మాత్రం వణుకుగా కనిపిస్తుంది. అంటే సమస్య మొత్తం వాట్లలో లేదు, ప్రతి అర సైకిల్లోనూ కరెంటు ఆగకుండా పారుతోందా లేదా అన్న దాంట్లో ఉంది. 48 వాట్లయినా 72 వాట్లయినా కరెంటు ఆకారం అదే కాబట్టి ఫలితమూ అదే.

పరీక్షలు

ఒక్కో తీరుకు ఒక్కో పరీక్ష, ఒకసారికి ఒకే మార్పు. రెండు మార్పులు కలిపి చేసి లైట్లు బాగుపడితే, ఏది బాగుచేసిందో ఎప్పటికీ తెలియదు.

మొదటి పరీక్షకు ఖర్చు లేదు. పాత హాలోజెన్లు పారేయకుండా ఒక డబ్బాలో దాచారు. ఎనిమిదింటిలో ఒక ఎల్ఈడీ తీసి ఆ హోల్డర్లో 50 వాట్ల హాలోజెన్ పెట్టాం. నాబ్ అడుగు దాకా దించినా మిగతా ఏడూ కదలకుండా వెలిగాయి. ఆపితే మసక వెలుగు కూడా పోయింది. ఆ ఒక్క ఫిలమెంట్ ట్రయాక్‌కు కావలసిన కరెంటును పట్టి ఉంచింది, ఆపినప్పుడు సూచిక దీపం గుండా కారే చిన్న కరెంటుకూ దారి ఇచ్చింది. ఒకటో తీరు, మూడో తీరు డిమ్మర్‌కూ ఎల్ఈడీలకూ మధ్య పొత్తు కుదరకే వస్తున్నాయని తేలింది.

ఫోన్లో స్లో మోషన్‌లో, సెకనుకు 240 ఫ్రేములతో తీసిన వీడియో కూడా ఇదే చూపింది. హాలోజెన్ లేనప్పుడు వెలుగు రెండు మూడు ఫ్రేములపాటు క్రమం లేకుండా పడిపోతోంది; పెట్టాక ఆ పడిపోవడాలు లేవు. మామూలు వీడియోలో కనిపించే అడ్డ చారలను మాత్రం ఆధారంగా తీసుకోకూడదు. మంచి బల్బుకూ కొన్ని షట్టర్ వేగాల దగ్గర అవి వస్తాయి.

హాలోజెన్ ఉన్నా రెండో తీరు పోలేదు. పై అంతస్తులో మడమ గట్టిగా నొక్కి నడిస్తే ఎనిమిదీ చటుక్కుమన్నాయి. అయితే హాలోజెన్ మాత్రం చాలా కొద్దిగా తగ్గి లేచింది, ఎల్ఈడీలు పూర్తిగా ఆరి వెలిగాయి. ఇది ముఖ్యమైన గుర్తు. సరఫరా ఒకటి రెండు సైకిళ్లు తెగినా ఫిలమెంట్ వేడి వల్ల వెలుగుతూనే ఉంటుంది. ఎల్ఈడీకి ఆ వేడి నిల్వ లేదు. అంటే ఈ తెగుడు హాలోజెన్ల కాలంలోనే ఉండి ఉండవచ్చు, కళ్లకు కనిపించలేదంతే.

రెండో పరీక్ష డిమ్మర్‌ను పూర్తిగా తప్పించడం. ఎంసీబీ (బోర్డులో ఆ సర్క్యూట్‌కు సరఫరా ఆపే బ్రేకర్) ఆపి, డిమ్మర్ వెనక రెండు వైర్లనూ తీసి, ఒక కనెక్టర్లో కలిపి, మళ్లీ ఎంసీబీ వేశాం. చటుక్కుమనడం అలాగే ఉంది. ఇక డిమ్మర్ మీద అనుమానం అక్కర్లేదు. బల్బుల మీదా అక్కర్లేదు, ఎనిమిది బల్బులు ఒకే క్షణంలో పాడవవు. లైట్లు విడివిడిగా చీలకముందే ఎక్కడో జాయింట్ వదులైంది. అలాంటి చోట్లు నాలుగే: ఎంసీబీ టెర్మినల్, డిస్ట్రిబ్యూషన్ బోర్డులో న్యూట్రల్ బార్, స్విచ్ బాక్స్, మొదటి లైటు దగ్గర జంక్షన్. మొదటి రెండూ తెరిచి చూస్తే బిగుతుగా ఉన్నాయి, రంగు మారలేదు. స్విచ్ బాక్స్‌లో ఇప్పుడే కొత్త కనెక్టర్ వేశాం. మిగిలింది సీలింగే.

మొదటి లైటు అంటే స్విచ్‌కి దగ్గరున్నది కావాలని లేదు. స్విచ్ బాక్స్‌లో న్యూట్రల్ లేదు కాబట్టి, ఫీడ్ ముందు సీలింగ్‌కే వచ్చి, అక్కడినుంచి స్విచ్‌కి దిగి తిరిగి వెళ్లి ఉండాలి. అంటే మొదటి లైటు రంధ్రంలో మూడు కేబుళ్లుంటాయి: ఫీడ్ తెచ్చేది, స్విచ్‌కి దిగేది, తర్వాతి లైటుకు వెళ్లేది. మధ్య లైట్లలో రెండు, చివరిదానిలో ఒకటి. ఒక్కో లైటూ కిందికి దించి కేబుళ్లు లెక్కపెడితే, గది మధ్యలో ఉన్న లైటు దగ్గర మూడు కనిపించాయి.

ఇలాంటి వైరింగ్‌లో డిమ్మర్ ఆపినా సీలింగ్‌లో ఫేజ్ ఉంటుంది. స్విచ్ ఆపి బల్బు విప్పితే చాలనుకుని చెయ్యి పెట్టకూడదు. ఎంసీబీ ఆపాలి, ఇంకెవరూ వేయకుండా దాని మీద చీటీ అంటించాలి, తర్వాత ఫేజ్–న్యూట్రల్, ఫేజ్–ఎర్త్ మధ్య రెండు ప్రోబుల టెస్టర్‌తో చూడాలి. ఆ టెస్టర్ పనిచేస్తోందని ముందూ తర్వాతా లైవ్‌గా ఉన్న పాయింట్ మీద నిర్ధారించుకోవాలి. నియాన్ స్క్రూ డ్రైవర్ టెస్టర్‌ను నమ్మకూడదు. పక్క వైరు నుంచి ప్రేరేపితమైన వోల్టేజీకే అది వెలుగుతుంది, కొన్నిసార్లు నిజంగా ఫేజ్ ఉన్నా వెలగదు.

తెరిచి వైర్లు కదిలించే ముందు ఒక కొలత తీసుకున్నాం, ఎందుకంటే కదిలిస్తే లోపం తాత్కాలికంగా దాక్కోవచ్చు. డిమ్మర్ తప్పించి ఉండగా నాలుగు హోల్డర్లలో హాలోజెన్లు పెట్టి, మిగతా నాలుగు ఖాళీగా ఉంచాం: 200 వాట్లు, దాదాపు 0.87 ఆంపియర్లు. ఎనిమిదీ పెడితే లక్షణం ఇంకా స్పష్టంగా కనిపించేదే, కానీ వదులుగా ఉందని అనుమానమున్న జాయింట్‌లోంచి అవసరానికి మించి కరెంటు పంపకూడదు. మొదటి లైటు టెర్మినల్స్ దగ్గర 230 వోల్టులు. సీలింగ్‌ను పిడికిలితో తడితే 205కు పడి తిరిగి లేచింది. 25 వోల్టులు ఆ జాయింట్ దగ్గరే పోతున్నాయి. 0.87 ఆంపియర్ల దగ్గర అది దాదాపు 22 వాట్ల వేడి, చిటికెన వేలి గోరంత చోటులో, ఫాల్స్ సీలింగ్ లోపల.

డిమ్మర్‌ను తప్పించాకే ఈ కొలత తీసుకోవడానికి ఇంకో కారణముంది. డిమ్మర్ కోసిన వేవ్‌ఫారం (వోల్టేజీ తరంగం) మీద మామూలు మల్టీమీటర్ తప్పు అంకె చూపిస్తుంది. అక్కడ తరంగం ఆకారం ఎలా ఉన్నా సరైన విలువ చూపే ట్రూ ఆర్ఎంఎస్ మీటరే కావాలి.

దొరికింది, సరిచేసింది

ఎంసీబీ ఆపి తెరిస్తే కనిపించింది ఇది. స్క్రూ కనెక్టర్లో లోపలికి వచ్చే న్యూట్రల్ వైరు ఇన్సులేషన్ సరిగా ఒలవలేదు. స్క్రూ సగం రాగి మీద, సగం ప్లాస్టిక్ మీద బిగిసింది. బిగించినప్పుడు గట్టిగానే అనిపించి ఉంటుంది. 400 వాట్ల హాలోజెన్లతో ఏళ్ల తరబడి 1.74 ఆంపియర్లు పారేసరికి ఆ ప్లాస్టిక్ మెత్తబడి పక్కకు జరిగింది, స్క్రూ కింద సందు ఏర్పడింది. రాగి నల్లబడింది, కనెక్టర్ తెల్ల ప్లాస్టిక్ ఒక పక్క గోధుమ రంగుకు తిరిగింది. బల్బులు మార్చేటప్పుడు హోల్డర్లను లాగడం మిగతా పని చేసింది.

నల్లబడిన రాగిని బరికి వాడలేదు. వేడికి పాడైన భాగం మొత్తం, మెరిసే రాగి కనిపించేదాకా, కోసేశాం. కొత్తగా లివర్ కనెక్టర్ (స్క్రూ లేకుండా చిన్న మీటతో వైరును పట్టుకునేది) వేశాం. దాని మీద గుర్తించిన పొడవు 11 మిల్లీమీటర్లు, అంతే ఒలిచాం: తక్కువైతే పట్టు ఉండదు, ఎక్కువైతే రాగి బయటికి కనిపిస్తుంది. ప్రతి వైరునూ విడిగా లాగి చూశాక మిగతా ఏడు లైట్ల జాయింట్లూ తెరిచాం. ఒకే చేత్తో అన్నీ బిగించి ఉంటారు కాబట్టి అదే తప్పు ఇంకోచోట ఉండే అవకాశం ఎక్కువ. ఇంకొకటి దొరికింది, ఇంకా నల్లబడలేదు.

బల్బులూ డిమ్మర్ విప్పి 500 వోల్టుల డీసీతో ఇన్సులేషన్ టెస్ట్, అంటే వైర్ల తొడుగు కరెంటును ఎంత అడ్డుకుంటోందో కొలిచే పరీక్ష, చేశాం. 1 మెగాఓమ్‌కు తక్కువైతే ఆ వైరింగ్ పనికిరాదు. ఇక్కడ దానికి చాలా పైనే ఉంది. ఎలక్ట్రానిక్ భాగాలు విప్పకుండా ఈ టెస్ట్ చేస్తే అవి కాలిపోవచ్చు.

ఇక డిమ్మర్ విషయం. ముందు మూడు దారులు చూశాం. ఒక హాలోజెన్‌ను శాశ్వతంగా ఉంచేస్తే వణుకు పోతుంది, కానీ ఆ ఒక్కటే 50 వాట్లు తింటుంది, ఎనిమిది 6 వాట్ల ఎల్ఈడీలు కలిపినదానికన్నా ఎక్కువ. పైగా అది మాడిన రోజు సమస్య తిరిగొస్తుంది. ఉన్న ట్రయాక్ డిమ్మర్‌కే ఒక బైపాస్, అంటే లైట్లకు సమాంతరంగా కరెంటుకు ఇంకో దారి ఇచ్చే భాగం, తగిలించవచ్చు. కానీ ఇలాంటి డిమ్మర్ అర సైకిల్ మధ్యలో హఠాత్తుగా ఆన్ అవుతుంది, బైపాస్‌లో కెపాసిటర్ ఉంటే ఆ కరెంటు సూది ఇంకా పదునెక్కుతుంది, డిమ్మర్ గుయ్‌మంటుంది. మూడో దారి ట్రెయిలింగ్ ఎడ్జ్ డిమ్మర్. దాన్నే తీసుకున్నాం.

ట్రెయిలింగ్ ఎడ్జ్ డిమ్మర్ ప్రతి అర సైకిల్‌నూ సున్నా వోల్టుల దగ్గర మొదలుపెట్టి మధ్యలో కోస్తుంది. వోల్టేజీ నెమ్మదిగా లేస్తుంది కాబట్టి డ్రైవర్ కెపాసిటర్ మీద దెబ్బ పడదు. లోపల ఉండేది మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్. దాన్ని ఆన్‌లో ఉంచేది గేట్ అనే దాని కాలికి ఇచ్చే వోల్టేజీ, లోడు కరెంటు కాదు. కాబట్టి హోల్డింగ్ కరెంట్ అన్న ప్రశ్నే రాదు. అయినా ట్రెయిలింగ్ ఎడ్జ్ అన్నంత మాత్రాన ప్రతి బల్బుతోనూ కుదరదు. కొన్ని డ్రైవర్లను ట్రయాక్ డిమ్మర్ల కోసమే తయారుచేస్తారు. బల్బు తయారీదారు ప్రకటించిన, పరీక్షించిన డిమ్మర్ల జాబితా చూసి, దానిలో ఉన్న జతనే ఎంచుకున్నాం. మొదట కొన్న 6 వాట్ల బల్బు ఆ జాబితాలో ఉంది, 9 వాట్లది లేదు. కాబట్టి 6 వాట్లవే తిరిగి వచ్చాయి. డిమ్మర్ ఎల్ఈడీ రేటింగ్ 5–150 వాట్లు, లోడు 48.

పెట్టగానే వణుకు పోయింది, కానీ రెండు పనులు మిగిలాయి. నాబ్ అడుగున ఒక బల్బు మిగతావాటికన్నా ముందే ఆరిపోతోంది. డిమ్మర్ పక్కనున్న ట్రిమ్మర్‌ను, అంటే కనిష్ఠ వెలుగు సర్దే చిన్న తిప్పుడు భాగాన్ని, కొద్దికొద్దిగా పెంచి, ఎనిమిదీ నిలబడే చోట ఆపాం. ఈ సర్దుబాటును వెలుగుతున్న బల్బుల మీద చేసి వదిలేయకూడదు. పది నిమిషాలు ఆపి, చల్లబడ్డాక, నాబ్ అడుగునే ఉంచి ఆన్ చేసి చూడాలి. కొన్ని డ్రైవర్లు నడుస్తున్నప్పుడు తక్కువ వోల్టేజీకి నిలబడతాయి కానీ ఆ వోల్టేజీ దగ్గర మొదలవ్వలేవు. ఇక్కడ అలా ఒకటి మొదలవలేదు, ట్రిమ్మర్ ఇంకొంచెం పైకి తిప్పాల్సి వచ్చింది.

రెండోది, ఆపాక మసక వెలుగు. సూచిక దీపమున్న డిమ్మర్ పోయినా, న్యూట్రల్ లేని ఎలక్ట్రానిక్ డిమ్మర్ తన సొంత అవసరానికి లైట్ల గుండానే కాస్త కరెంటు తీసుకుంటుంది. అది డ్రైవర్ కెపాసిటర్‌ను మెల్లగా నింపుతుంది, నిండగానే బల్బు ఒక మెరుపు మెరిసి ఖాళీ చేస్తుంది, మళ్లీ నిండుతుంది. కొన్ని సెకన్లకోసారి మెరవడం ఇందుకే. డిమ్మర్ తయారీదారు చెప్పిన బైపాస్ మాడ్యూల్‌ను చివరి లైటు దగ్గర, డిమ్మర్ నుంచి వచ్చే వైరుకూ న్యూట్రల్‌కూ మధ్య పెట్టాం. స్విచ్ బాక్స్‌లో న్యూట్రల్ లేదు కాబట్టి అక్కడ పెట్టడం కుదరదు. మాడ్యూల్ కొద్దిగా వేడెక్కుతుంది, ఇన్సులేషన్ దూది కింద కప్పెయ్యకూడదు.

నెల రోజుల తర్వాత మళ్లీ అదే కాగితం పద్ధతిలో చూశాం: మూడు తీరుల్లో ఏదీ నమోదు కాలేదు. పైన నడిచినా, తలుపు పడినా లైట్లు కదల్లేదు.

నేర్చుకున్నవి

‘కొట్టుకోవడం’ రోగం పేరు కాదు, లక్షణం. నాబ్‌తో మారేది డిమ్మర్ పొత్తు వైపు చూపిస్తుంది. కదలికతో, కంపనంతో వచ్చేది జాయింట్ల వైపు. ఆపాక కనిపించేది కారే కరెంటు వైపు. ఒకే బల్బు అన్ని స్థాయిల్లోనూ కొట్టుకుంటే ఆ బల్బు డ్రైవరే పాడై ఉంటుంది, దాన్ని వేరే హోల్డర్లో పెట్టి చూస్తే తేలిపోతుంది.

మొదట డిమ్మర్‌ను తప్పించి చూసి ఉంటే ఎనిమిది బల్బులు, ఒక డిమ్మర్ ఊరికే కొనే పని ఉండేది కాదు. పది నిమిషాల పని అది. డిమ్మర్ మార్చడం వల్ల కొత్త లక్షణం పుట్టింది కూడా. ఏ లక్షణం ఏ మార్పు తర్వాత మొదలైందన్న తేదీల క్రమం అందుకే అడగాలి.

డిమ్మర్ కవరు వెనక ఒక చీటీ అంటించి వచ్చాం. బల్బు మోడల్, వాట్లు, సంఖ్య, డిమ్మర్ ఏ పద్ధతిలో నడుస్తోంది, ట్రిమ్మర్ ఎక్కడుంది, బైపాస్ ఏ లైటు రంధ్రంలో ఉంది, డిమ్మర్ ఆపినా సీలింగ్‌లో ఫేజ్ ఉంటుంది. అదే రకం బల్బులు రెండు అదనంగా కొని ఉంచమన్నాం. ఒకటి పోయినప్పుడు చేతికందిన వేరే రకం పెడితే, దాని డ్రైవర్ వేరే వోల్టేజీ దగ్గర మొదలవుతుంది, ట్రిమ్మర్ సర్దుబాటు మళ్లీ మొదటికొస్తుంది.